బుజూకీకి నాలుగో జత తీగలు

సభకు నమస్కారం. ముందు ఈ వాయిద్యం పుట్టుపూర్వోత్తరాలు చెప్పి ఆ తర్వాత వాయించమని నిర్వాహకులు అన్నారు. నేను ఆ వరస మారుస్తున్నాను. ముందు వినండి, కథ తర్వాత.

(సన్న తీగల నుంచి లావు తీగల వైపు మూడు జతలనూ ఒక్కొక్కటిగా మీటారు.)

వీణ చేతబట్టినవాళ్లు ఈ హాల్లో బాగానే ఉన్నారు. ఏం విన్నారు? (ప్రేక్షకుల్లోంచి: "సా, పా, సా.") అంతే. షడ్జం, దాని కింద పంచమం, దానికీ కింద మంద్ర షడ్జం. వీణ మీద సారణి, పంచమం, మంద్రం అని పిలుచుకుంటామే, ఆ మూడు తీగల వరసే ఇది. ఒక్కో తీగ ఉండాల్సిన చోట రెండేసి ఉన్నాయి, అంతవరకే తేడా. దీని పేరు బుజూకీ. గ్రీసు వాయిద్యం. మూడు జతలుంటాయి కాబట్టి ఈ రకాన్ని త్రిహోర్దో అంటారు. వాళ్ల లెక్కలో దీని శ్రుతి రే, లా, రే.

ఇప్పుడు ఈ రెండోది వినండి.

(నాలుగు జతల బుజూకీ మీటారు.)

ఇది తెత్రాహోర్దో. నాలుగు జతలు. శ్రుతి దో, ఫా, లా, రే. సా-పా-సా వినిపించిందా? లేదు కదా. రేను షడ్జం అనుకుంటే మిగిలినవి పంచమం, సాధారణ గాంధారం, కైశికి నిషాదం. మన చెవికి ఇది అసలు శ్రుతిలాగే అనిపించదు. గిటార్ వాయించే పిల్లలకు మాత్రం వెంటనే తెలిసిపోతుంది. గిటార్ మొదటి నాలుగు తీగలనూ రెండు స్వరస్థానాలు దించితే వచ్చేది ఇదే. చేతికి కార్డ్స్, అంటే ఒకేసారి మోగే స్వరాల గుత్తులు, సిద్ధంగా ఉంటాయి.

ఇవాళ నేను చెప్పేదంతా ఈ నాలుగో జత చుట్టూనే తిరుగుతుంది. ఆ జత ఎక్కించాక వాయిద్యానికి ఏం వచ్చింది, ఏం పోయింది అన్నది నా విషయం.

ముందు ఒళ్లు చూడండి. దండి సన్నం, పొడుగు. గుర్రం, అంటే పలక మీద తీగలు ఆనే చెక్క, అక్కడి నుంచి పై కొస దాకా మోగే తీగ పొడవు సుమారు 67 సెంటీమీటర్లు. వెనకవైపు సగానికి కోసిన బొప్పాయిలా ఉంటుంది. మన బొబ్బిలి వీణ కుండను ఒకే పనస దుంగలోంచి తొలుస్తారు. ఇది అలా కాదు. మల్బరీ, వాల్‌నట్ లాంటి చెక్కలను సన్నటి బద్దలుగా కోసి, వేడి మీద వంచి, పక్కపక్కన అతికిస్తారు. ముందు పలక స్ప్రూస్ చెక్క. దాని మీద ఈ ముత్యపు చిప్ప పని ఉంది చూశారా, అది అందానికే కాదు, పిక్ తగిలి చెక్క అరిగిపోకుండా కూడా. చవకవాటిలో చిప్ప బదులు ప్లాస్టిక్ ఉంటుంది. గుర్రం అతికించి ఉండదు, తీగల బిగువు మీదే నిలబడుతుంది. కొంచెం జరిగిందంటే దండి మీద వేలు నొక్కే మెట్లలో పై వాటి దగ్గర స్వరాలు తప్పుతాయి. మెట్లు లోహపువి, కదలవు. ఈ కదలని మెట్ల సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తాను.

ప్రాచీన చరిత్రలోకి ఎక్కువ దూరం వెళ్లను. క్రీస్తుకు పూర్వం నాలుగో శతాబ్దానికి చెందిన ఒక పాలరాతి ఫలకం మాంటినియాలో దొరికింది, ఇప్పుడు ఏథెన్స్‌లోని జాతీయ పురావస్తు మ్యూజియంలో ఉంది. దాని మీద పొడుగు దండి వాయిద్యం పట్టుకున్న స్త్రీ కనిపిస్తుంది. గ్రీకులు దాన్ని చూపించి "మాది రెండున్నర వేల ఏళ్ల వాయిద్యం" అంటారు. ఆ మాట నాకు కొంచెం ఎక్కువనిపిస్తుంది. పొడుగు దండి తంత్రీవాద్యాలు మెసొపొటేమియా నుంచి మధ్య ఆసియా దాకా అందరి దగ్గరా ఉన్నాయి. బుజూకీకి దగ్గరి చుట్టాలు తురుష్కుల సాజ్, గ్రీకుల తంబురాస్. 1821లో మొదలైన స్వాతంత్ర్య యుద్ధంలో పోరాడిన జనరల్ మక్రియానిస్ వాయించిన తంబురాస్ ఏథెన్స్‌లోని జాతీయ చరిత్ర మ్యూజియంలో ఇప్పటికీ ఉంది. అలాంటి వాటికి మెట్లు దారంతో కట్టినవి. కావాలంటే అటూ ఇటూ జరుపుకోవచ్చు.

అసలు కథ 1922లో మొదలవుతుంది. గ్రీకు సైన్యం ఆసియా మైనర్‌లో ఓడిపోయింది. స్మిర్నా, అంటే ఇప్పటి ఇజ్మీర్, తగలబడింది. మరుసటి ఏడు లొజాన్‌లో జనాభా మార్పిడి ఒప్పందం కుదిరింది. సుమారు 12 లక్షల మంది క్రైస్తవులు గ్రీసుకు వచ్చారు, దాదాపు 4 లక్షల మంది ముస్లింలు టర్కీకి వెళ్లారు. ఎవరు ఎటు పోవాలో మతం చూసి తేల్చారు, భాష చూసి కాదు. టర్కిష్ తప్ప మరో మాట రాని క్రైస్తవులు గ్రీసులో దిగారు. గ్రీకు తప్ప ఏదీ రాని ముస్లింలు క్రీటు దీవి వదిలి వెళ్లారు. 1947 గురించి పెద్దవాళ్లు చెప్పగా విన్న మనకు ఇది వివరించి చెప్పక్కర్లేదు.

వచ్చినవాళ్లలో చాలామంది ఏథెన్స్ రేవైన పిరేయస్ చుట్టూ రేకుల గుడిసెలు వేసుకున్నారు. వాళ్లలో మంచి సంగీతకారులున్నారు. వయొలిన్, ఊద్, సంతూర్, కానూన్ వాళ్ల వాయిద్యాలు. బుజూకీ వాళ్లది కాదు. ఇది చాలామంది తప్పుగా చెప్పే విషయం. బుజూకీ అప్పటికే పిరేయస్ కూలీల చేతుల్లో, హషీష్ తాగే పాకల్లో, జైళ్లలో ఉంది. జైల్లో దాని పిల్ల వాయిద్యం ఇంకా ఎక్కువ. బగ్లమాస్ అంటారు, ఒక స్థాయి పైన మోగుతుంది, రెండడుగులు కూడా ఉండదు. ఎండిన సొరకాయ బుర్రతోనో, తాబేటి చిప్పతోనో ఖైదీలే చేసుకునేవారు. కోటు కింద దాచుకోవడానికి పనికొచ్చేది. శరణార్థుల పాటా, రేవు కూలీల బుజూకీ కలిసిన చోట వచ్చిన సంగీతమే రెబెటికో.

ఇక్కడ మార్కోస్ వమ్వకారిస్ గురించి చెప్పాలి. 1905లో సిరోస్ దీవిలో పుట్టాడు. కాథలిక్కు, అంటే ఆర్థడాక్స్ గ్రీసులో మైనారిటీ. పన్నెండేళ్ల ప్రాయంలో పిరేయస్ చేరాడు. రేవులో బరువులు మోశాడు, తర్వాత కబేళాలో పశువుల్ని కోశాడు. ఒకరోజు ఎవరో బుజూకీ వాయిస్తుంటే విని, ఆరు నెలల్లో దీన్ని నేర్చుకోకపోతే ఈ చెయ్యి నరుక్కుంటానని ఒట్టు పెట్టుకున్నాడట. ఆయనే చెప్పుకున్న మాట ఇది. చెయ్యి మిగిలింది. 1934లో బాతిస్, స్త్రాతోస్, దేలియాస్ అనే ముగ్గురితో కలిసి "పిరేయస్ చతుష్టయం" కట్టాడు. నలుగురిలో దేలియాస్ ఒక్కడే స్మిర్నా బిడ్డ, తండ్రి సంతూర్ విద్వాంసుడు. ముప్ఫై రెండేళ్లకే హెరాయిన్ మింగేసింది అతన్ని.

రికార్డుల సంగతి మాత్రం తమాషాగా ఉంటుంది. బుజూకీని రికార్డు కంపెనీల దృష్టికి తెచ్చిన ప్లేటు గ్రీసులో తయారైంది కాదు. 1932లో న్యూయార్క్‌లో యానిస్ హలికియాస్ అనే వలస గ్రీకు వాయించింది. అది ఏథెన్స్‌కు వచ్చి అమ్ముడయ్యాకనే అక్కడి కంపెనీలకు మన ఊళ్లోనూ ఇలాంటివాళ్లు ఉన్నారే అని తోచింది. పరాయి ఊళ్లో మెచ్చుకున్నాక సొంత ఊళ్లో గుర్తించడం వాళ్లకూ ఉందన్నమాట. అన్నట్టు గిటార్ పిల్లలకు ఒక ముక్క. మీరు కొనే ఎపిఫోన్ గిటార్లున్నాయే, ఆ కంపెనీ మూలపురుషుడు స్తథోపులో స్మిర్నా నుంచి న్యూయార్క్ వెళ్లిన గ్రీకు వాయిద్యాల తయారీదారు. బుజూకీలు కూడా చేసేవాడు.

ఇక సంగీతంలోకి వద్దాం. ఆ రోజుల్లో పాటకు ముందు తాళం లేకుండా ఒక ఆలాపన వాయించేవారు. తక్సీమి అంటారు. ఏ రాగంలో పాట ఉందో ఆ రాగాన్ని మెల్లగా పరిచి చూపించడం. రాగం అన్నది నా మాట. వాళ్లు ద్రోమోస్ అంటారు, అంటే దారి.

(త్రిహోర్దో మీద కొద్దిసేపు వాయించారు.)

ఈ దారిని హిజాజ్ అంటారు. స్వరాలు పట్టుకున్నారా? శుద్ధ రిషభం, అంతర గాంధారం, శుద్ధ మధ్యమం, పంచమం, శుద్ధ ధైవతం, కైశికి నిషాదం. మన 14వ మేళకర్త వకుళాభరణం. నిషాదాన్ని కాకలి చేశామా, అది హిజాజ్‌కార్. మనకు సంగీతంలో మొదటి రోజు సరళీ స్వరాలు నేర్పే మాయామాళవగౌళ. నియావెంత్ అని ఇంకొకటుంది, స్వరాల లెక్కకు సింహేంద్రమధ్యమం. రాస్త్ అనేది ఎక్కేటప్పుడు శంకరాభరణంలా ఉండి, దిగేటప్పుడు కైశికి నిషాదం పట్టుకుంటుంది. స్వరాలు కలిసినంత మాత్రాన రాగం ఒకటేనని నేననడం లేదు. మాయామాళవగౌళ వచ్చినవాళ్లు హిజాజ్‌కార్ వాయించేస్తామంటే పిరేయస్‌లో నవ్వుతారు. కానీ ఇల్లు తెలిసినట్టే ఉంటుంది, గదులు వేరు.

ఇప్పుడు నా ఎడమ చెయ్యి చూడండి. దారి అంతా పై జత మీదే నడుస్తోంది. కింది రెండు జతలూ ఖాళీగా మోగుతున్నాయి. పిక్ వాటిని మధ్యమధ్య తగులుతూ పోతుంది. వీణలో పక్క తాళతంత్రులు చేసే పనిని ఇక్కడ ఈ జతలు చేస్తున్నాయి. షడ్జ పంచమాలు కదలకుండా నిలబడితేనే ఆ శుద్ధ రిషభం ఎంత దగ్గరగా వచ్చి ఒరుసుకుంటోందో తెలుస్తుంది. మూడు జతల బుజూకీ బలమంతా ఇందులోనే ఉంది.

లయ గురించి ఒక్కమాట. వీళ్ల జెయ్‌బేకికో అనే నాట్యానికి తొమ్మిది లెక్కలు. తక, తక, తక, తకిట అని నిదానంగా వేసుకోండి. ఒక్క మనిషే లేచి ఆడతాడు. అతను డబ్బిచ్చి అడిగిన పాటకు ఇంకొకడు లేచి ఆడితే అవమానం. 1973లో ఏథెన్స్ క్లబ్బులో ఇలాంటి గొడవలోనే కత్తిపోట్లకు ముగ్గురు పోలీసులు చనిపోయారు. అంత పట్టింపు.

1936 ఆగస్టు 4న మెటాక్సస్ నియంతగా గద్దెనెక్కాడు. మరుసటి ఏడు నుంచి రికార్డులకు సెన్సార్. హషీష్ పాటలు పోయాయి. తురుష్క వాసన ఉందని "అమాన్ అమాన్" అంటూ సాగదీసి పాడేవీ పోయాయి. మార్కోస్ పాటల్లో మత్తు పోయి ప్రేమ మిగిలింది. 1936లోనే త్రికాలా అనే పట్నం నుంచి లా చదువుతానని ఏథెన్స్ వచ్చిన కుర్రాడు వాసిలిస్ త్సిత్సానిస్. లా చదవలేదు. బుజూకీ పాటను పాకల్లోంచి నడి ఊళ్లోకి తెచ్చింది ఆయనే. స్వరసమ్మేళనం, అంటే హార్మొనీ, పాటలోకి ధారాళంగా వచ్చింది కూడా ఆయన చేతిమీదుగానే. జర్మన్ల ఆక్రమణలో రికార్డింగులు లేవు. ఆ కాలంలో కట్టిన "మబ్బు పట్టిన ఆదివారం" పాట 1948లో గానీ రికార్డు కాలేదు. ఇప్పటికీ గ్రీకులకు అది జాతీయగీతం తర్వాత గీతం.

అయినా చదువుకున్నవాళ్లు ఈ వాయిద్యాన్ని ఇంట్లోకి రానివ్వలేదు. రాజకీయాల్లో కుడిపక్షం వాళ్లకు ఇది తురుష్కుల మోత, జైలు మోత. వామపక్షం వాళ్లలో చాలామందికి దిగజారిన మత్తుగాళ్ల ఏడుపు. 1949 జనవరి 31న, అంతర్యుద్ధం ఇంకా నడుస్తుండగా, స్వరకర్త మానోస్ హాజిదాకిస్ ఏథెన్స్‌లోని కళా థియేటర్‌లో రెబెటికో మీద ప్రసంగం చేశాడు. అప్పటికి ఆయనకు 23 ఏళ్లు. ఈ పాటలకు చర్చి గానంతో, పల్లెపదాలతో చుట్టరికం ఉందన్నాడు. మాటలతో ఊరుకోకుండా మార్కోస్‌నూ, గాయని సోతిరియా బెల్లూనూ వేదిక మీదికి తెచ్చి పాడించాడు. కోట్లు వేసుకుని వచ్చిన పెద్దమనుషులకు కబేళా మనిషి ఎదురుగా కూర్చుని వాయించడం ఎలా ఉండుంటుందో ఊహించుకోవచ్చు.

ఆ తలుపు తెరుచుకున్నాక లోపలికి వచ్చినవాడు మనోలిస్ హియోతిస్. 1950ల మధ్యలో నాలుగో జతను వాడుకలోకి తెచ్చింది ఆయనే. ఆయనే కనిపెట్టాడనను, అంతకుముందూ ఒకరిద్దరు చేసి చూశారు. కానీ ఆయన వేళ్ల వేగం చూశాక కుర్రకారంతా నాలుగు జతలు కొన్నారు. గిటార్ తెలిసిన మనిషి, మాంబో లాంటి లాటిన్ లయలు ఇష్టం. పెద్ద క్లబ్బులో, మైకు ముందు, సూటు వేసుకుని వాయించాలి. దానికి త్రిహోర్దో చాలదనుకున్నాడు. ఆయన దృష్టితో చూస్తే తప్పేముంది?

వచ్చింది చాలా ఉంది. కార్డ్స్ వచ్చాయి. దండి మీద పైకీ కిందికీ పరుగెత్తకుండా అడ్డంగానే వేగంగా వాయించే వీలొచ్చింది. ఏ శ్రుతిలో గాయకుడు పాడితే ఆ శ్రుతికి మారిపోవచ్చు. పోయింది ఒక్కటే, ఆ ఖాళీ తీగల సా-పా-సా. దానితోపాటు తక్సీమి కూడా పలచబడింది. పాటకు ముందు దారి పరిచే చోట, వేళ్ల వేగం చూపించే నాలుగు మెరుపులు వచ్చి కూర్చున్నాయి.

ఇక్కడ మన పాలకొల్లు శ్రీనివాస్ గుర్తురాక మానడు. మాండలిన్‌కు నాలుగు జతల తీగలు. జత తీగల మీద గమకం లాగడం కష్టం. ఉప్పలపు శ్రీనివాస్ జతలు తీసేసి, ఎలక్ట్రిక్ మాండలిన్ మీద ఐదు ఒంటి తీగలు పెట్టుకున్నాడు. హియోతిసూ తీగలు మార్చాడు, శ్రీనివాసూ మార్చాడు. ఒకాయన రాగం నుంచి కార్డ్స్ వైపు వెళ్లడానికి మార్చితే, ఇంకొకాయన పాశ్చాత్య సంగీతం కోసం పుట్టిన వాయిద్యాన్ని రాగం వైపు లాక్కురావడానికి మార్చాడు. నా మనసు ఎటు మొగ్గుతుందో మీకు అర్థమయ్యే ఉంటుంది.

అలాగని త్రిహోర్దో అసలు సిసలు, తెత్రాహోర్దో కల్తీ అనే వాదన నేను ఒప్పుకోను. గ్రీసులో ఆ వాదన పెళ్లి భోజనాల దగ్గర కూడా నడుస్తుంది. కదలని మెట్ల సంగతి గుర్తుందా? తంబురాస్ దారపు మెట్ల మీద దొరికే సూక్ష్మ స్వరాలు, ఈ లోహపు మెట్లు బిగించిన రోజే పోయాయి. మాండలిన్ చూసి పెట్టుకున్న మెట్లవి. మార్కోస్ చేతిలోని బుజూకీ కూడా అప్పటికే పన్నెండు స్వరస్థానాలకు కట్టుబడ్డదే. నాలుగో జత మొదటి నష్టం కాదు, రెండోది.

1960లో ఇంకో పెద్ద గొడవ. స్వరకర్త మికిస్ థియోదొరాకిస్, కవి యానిస్ రిత్సోస్ రాసిన కవిత "ఎపితాఫియోస్"కు బాణీలు కట్టాడు. 1936లో థెస్సలోనికిలో పొగాకు కార్మికుల సమ్మెలో కాల్పులకు చనిపోయిన కొడుకు మీద పడి ఏడ్చే తల్లి శోకం అది. అదే ఏడు రెండు రికార్డులు వచ్చాయి. ఒకటి హాజిదాకిస్ కూర్పుతో నానా ముస్కూరి మెత్తగా పాడింది. రెండోది గ్రిగోరిస్ బిథికోత్సిస్ పాడగా హియోతిస్ బుజూకీ వాయించింది. తల్లి శోకానికి క్లబ్బు వాయిద్యమా అని పత్రికల్లో రచ్చ. జనం రెండోదాన్నే పట్టుకున్నారు. నాలుగో జతను తిట్టేవాళ్లు ఈ రికార్డును మర్చిపోతారు. ఆ తెత్రాహోర్దోలో కార్డ్స్ ఉన్నాయి, శోకమూ ఉంది. అప్పటికి వేళ్లు పట్టేసి, అడిగేవాడు లేక మూలనపడ్డ మార్కోస్ పాటల్ని మళ్లీ పాడి జనంలోకి తెచ్చింది కూడా ఈ బిథికోత్సిసే.

ఆ తర్వాత 1964లో జోర్బా సినిమా. ప్రపంచానికి బుజూకీ అంటే ఇప్పటికీ ఆ బాణీయే. అందులోని సిర్తాకి నాట్యం తరతరాలది అనుకుంటారు, సినిమా కోసం కట్టింది. టూరిస్టులొచ్చారు, పాట ఊపులో నేలకేసి కొట్టిన పళ్లేలు పగిలాయి. రాత్రి క్లబ్బులకే "బుజూకియా" అని పేరు పడింది. 1967లో సైనిక నియంతలు వచ్చి థియోదొరాకిస్ పాటల్ని నిషేధించారు, బుజూకీని మాత్రం ఏమీ అనలేదు. ముప్ఫై ఏళ్ల కింద పోలీసులు వెంటపడ్డ వాయిద్యం, ఈ నియంతల నాటికి టూరిజం బొమ్మయి కూర్చుంది.

1974లో ఆ పాలన కూలాక కాలేజీ పిల్లలు పాత ప్లేట్లు వెతికి, మార్కోస్ పాటలు నేర్చుకుని, త్రిహోర్దో పట్టుకుని చిన్న చిన్న బృందాలు కట్టారు. మార్కోస్ అప్పటికి లేడు, 1972లోనే పోయాడు. 2017లో యునెస్కో రెబెటికోను మానవాళి వారసత్వ జాబితాలో చేర్చింది. ఇవాళ ఏథెన్స్‌లో రెండు రకాలూ నడుస్తున్నాయి. క్లబ్బులో తెత్రాహోర్దో, తవెర్నా అనే చిన్న భోజనశాలలో త్రిహోర్దో.

నేర్చుకోవాలనుకునేవాళ్లకు రెండు మాటలు చెప్పి ముగిస్తాను. ఆన్‌లైన్‌లో వెతికితే వెనక చదునుగా ఉన్నవి చాలా కనిపిస్తాయి, అవి ఐరిష్ బుజూకీలు. 1960ల్లో జానీ మొయినిహన్ గ్రీకు బుజూకీని ఐరిష్ పాటలోకి తీసుకెళ్తే, అక్కడివాళ్లు తమకు కావాల్సినట్టు మార్చుకున్నారు. మంచి వాయిద్యమే, కానీ ఇవాళ మనం మాట్లాడుకున్నది కాదు. మాండలిన్ వచ్చినవాళ్లకు కుడి చెయ్యి సిద్ధంగానే ఉంటుంది, ఎడమ చెయ్యే కొత్తగా నేర్చుకోవాలి. వీణవాళ్లకు సరిగ్గా తిరగబడుతుంది. మీరు మాత్రం దయచేసి మూడు జతలదే కొనండి. గమకం కోసం తీగ లాగకండి, జతలో ఒకటి పక్కకు జారి రెండూ అపశ్రుతి పలుకుతాయి. మెట్ల మీద వేలు జార్చడం నేర్చుకోండి, వాళ్లూ అదే చేస్తారు.

రెండు వాయిద్యాలూ ఈ బల్ల మీద పెడుతున్నాను. చూడాలనుకున్నవాళ్లు ముందుకు రండి. పిక్ గట్టిగా పట్టుకోకండి, జతలోని రెండు తీగలూ సమానంగా మోగాలి. ప్రశ్నలు అక్కడే అడగండి, వాయించి చెప్తాను.